అవతలి గొంతు

ఆ ఇంట్లో సాయంత్రం పాలు పొంగకముందే అత్తగారి ప్రశ్న పొంగేది.

"ఏమన్నాడే ఇవాళ గొంతు?"

కోడలు చెప్పులు విప్పి, సంచీ మేకుకు తగిలించేలోపే ఆ ప్రశ్న వచ్చి గుమ్మంలో నిలబడేది.

కోడలు దుబాసీ. సరిహద్దు గీత దగ్గర మకాం వేసిన శాంతిసేన ఆఫీసులో ఉద్యోగం. ఇటువైపు సైన్యం తరఫున వచ్చే కల్నల్ అన్న మాటను శాంతిసేన మేజరుకు వాళ్ళ భాషలో చెప్పడం, మేజరు అన్నదాన్ని కల్నల్‌కి తమ భాషలో చెప్పడం ఆమె పని. గీతకు అవతల శాంతిసేనదే ఇంకో ఆఫీసు ఉంది. అక్కడ ఇంకో దుబాసీ, అవతలి కల్నల్ పక్కన కూర్చుని ఇదే పని చేసేవాడు. రెండు ఆఫీసులనూ కలుపుతూ ఒక టెలిఫోను. రోజూ మధ్యాహ్నం అది మోగేది. ఎవరి గొర్రెలు ఎటు పోయాయి, ఎవరి కంచె ఎంత ముందుకు జరిగింది, పొద్దున తుపాకీ పేల్చింది ఎవరు? ఇవన్నీ మూడు భాషల్లో మునిగి తేలి అటూ ఇటూ ప్రయాణం చేసేవి.

ఆ అవతలి దుబాసీని ఆమె ఎన్నడూ చూడలేదు. ఏళ్ళ తరబడి వింటూ వచ్చింది, అంతే. పేరు తెలియదు. పేర్లు చెప్పుకోకూడదని నియమం. పేర్లే కాదు, సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. "మీరు గదిలో ఉన్న మనిషి కాదు, గోడకున్న కిటికీ అనుకోండి" అని చేరిన రోజే అప్పటి మేజరు చెప్పాడు. ఆ తర్వాత మేజర్లు చాలామంది మారారు. కిటికీ మాత్రం అక్కడే ఉంది.

అయితే ఆ కిటికీకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏదైనా సరే, తెలుసుకోకపోతే నిద్రపట్టదు. "ఇది పుట్టగానే ఏడవలేదు, మంత్రసానిని నువ్వెవరని అడిగింది" అని వాళ్ళమ్మ వేళాకోళం చేసేది. అలాంటి మనిషికి నోరెత్తి ఒక్క ప్రశ్న వేయకూడని ఉద్యోగం దొరికింది. ఆకలిగొన్నవాణ్ణి తెచ్చి వంటశాలకు కాపలా పెట్టినట్టు.

అందుకని అక్కడ అడగలేనివన్నీ ఇంటికి మోసుకొచ్చేది. ఇంట్లో వాటి మీద పంచాయతీ జరిగేది.

"ఇవాళ మాట్లాడుతూ మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాడత్తయ్యా."

"పొడిదగ్గా, కఫమా?"

"పొడిదే."

"అయితే వాడికి పెళ్ళాం లేదు. ఉంటే కషాయం కాచి పోయదూ?"

"ఉన్నా పోయదేమో" అన్నాడు బ్యాటరీల కొట్టు మూసి అప్పుడే వచ్చిన భర్త, చేతులకు అంటిన నల్లటి మరక గుడ్డకు తుడుచుకుంటూ. "మొన్న నాకు దగ్గొస్తే ఎవరు పోశారు?"

"నీ దగ్గు వేరురా, బీడీ దగ్గు. మధ్యలో రాకు. ఇంకేం వినపడిందే?"

"అదే... వెనకాల టక్ టక్ మని ఆ చప్పుడు. ఇవాళ ఎక్కువసేపు వినపడింది."

ఆ చప్పుడు వాళ్ళ ఇంట్లో పాత తగవు. గొంతు ముసలివాడనీ, అది చేతికర్ర చప్పుడనీ అత్తగారి తీర్పు. అవతలి ఆఫీసు పక్కన వడ్రంగి పనేదో నడుస్తోందని భర్త వాదన. కూర్చుని మాట్లాడేవాడికి చేతికర్రతో పనేమిటని కోడలి అనుమానం. ముగ్గురిలో ఒక్కరూ తగ్గేవారు కారు.

అత్తగారికి అవతలివాళ్ళంటే ప్రేమేమీ లేదు. యుద్ధం రోజుల్లో అవతలినుంచి వచ్చిపడిన గుండుకు ఆవిడ తమ్ముడు పోయాడు. అవతలివాళ్ళ ఊసెత్తితే చాలు, మెటికలు విరిచేది. "మరి ఆయన గురించి ఇంత ఆరా ఎందుకత్తయ్యా?" అని కోడలు ఒకసారి అడిగితే, "శత్రువు దగ్గుతున్నాడో తుమ్ముతున్నాడో తెలుసుకోకపోతే ఎలాగే పిచ్చిమొహమా!" అంది.

ఇలా సాగుతుండగా గడువు దగ్గర పడింది.

శాంతిసేన అక్కడ ఊరికే ఉండిపోవడానికి వీల్లేదు. ఎక్కడో దూరాన, పెద్ద నగరంలో, దేశాలన్నీ కూర్చునే మండలి ఏటేటా గడువు పొడిగించాలి. దానికి గీతకు ఇటువైపు ప్రభుత్వమూ అటువైపు ప్రభుత్వమూ సరేననాలి. ఎప్పుడూ అది రేషన్ కార్డు మీద ముద్ర వేసినంత మామూలుగా జరిగిపోయేది. ఈసారి ఇటువైపు పెద్దమంత్రి రేడియోలో, "మన కాపలా మనం కాసుకోగలం, పరాయివాళ్ళు ఇక దయచేయవచ్చు" అనేశాడు.

బజారంతా అదే మాట. "పొద్దున్నే దుర్భిణి పట్టుకుని నిలబడతారు, సాయంత్రం దించుతారు. దానికింత ఆర్భాటమా?" అన్నాడు మంగలి. "అసలు వాళ్ళు మొదటినుంచీ అవతలివాళ్ళకే వత్తాసు" అంది కూరగాయలావిడ. దుబాసీ వంకాయలు ఏరుకుంటూ నవ్వు ఆపుకుంది. అవతలి బజార్లో కూడా, శాంతిసేన ఇవతలివాళ్ళకే వత్తాసు పలుకుతోందని గోల చేస్తున్నారని మొన్ననే గొంతు తర్జుమా చేసి చెప్పాడు. నువ్వుగింజ నోట్లో నానని ఆమెకు, ఆ ముక్క బయటికి చెప్పకూడనందుకు కడుపుబ్బిపోయింది.

ఉద్యోగం పోతుందనే భయం ఆమెకు లేకపోలేదు. దానికి మించిన చింత ఇంకొకటుండేది. ఫోను తీగ పీకేస్తే, ఆ గొంతు ఎవరిదో ఇక ఎప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే మండలి తరఫున పరిశీలనకు ఒక పెద్దావిడ దిగింది. తెల్లజుట్టు, గుడ్డసంచీ, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని గదంతా వెతుక్కునే రకం. రెండువైపులా ఊళ్ళు చూసింది, ఇద్దరు కల్నళ్ళనూ విడివిడిగా కలిసింది. చివరికి, "ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. వాళ్ళ దుబాసీలనూ తీసుకురండి" అంది.

ఆ మాట మేజరే దుబాసీకి చెప్పాడు.

"ఏ చీర కట్టుకోను?" అంది ఇంటికి రాగానే.

"ఎవరికోసమో?" అన్నాడు భర్త, ముఖం అటు తిప్పుకుని.

"నువ్వూరుకోరా" అని అత్తగారు కోడల్ని దగ్గరకు లాక్కుంది. "ముందు చెప్పులు చూడు. మగాడి సంగతంతా చెప్పుల్లో ఉంటుంది. తర్వాత చొక్కా గుండీలు. ఊడినవి కుట్టారో లేదో చూడు. ఇంట్లో ఆడమనిషి ఉందో లేదో తేలిపోతుంది. కర్ర ఉందో లేదో మాత్రం మర్చిపోకే!"

సమావేశం గీత మీదే ఉన్న రేకుల షెడ్డులో పెట్టారు. షెడ్డు మధ్యలో పొడవాటి బల్ల, దాని కొసన మేజరూ పెద్దావిడా అప్పటికే కూర్చున్నారు. నేల మీద పసుపురంగు గీత బల్ల కిందినుంచి వెళ్ళి గోడ దాకా పాకింది. ఎండకు రేకులు కాగి లోపలంతా పెనంలా ఉంది. ఇటు తలుపులోంచి ఇవతలి కల్నలూ దుబాసీ, అటు తలుపులోంచి అవతలి కల్నలూ ఆయన దుబాసీ ఒకేసారి లోపలికి రావాలని ఏర్పాటు. ఎవరు ముందు అడుగుపెట్టినా రెండోవాళ్ళకు చిన్నతనం.

ఆమె ఎదురుచూసిన మనిషి పొడగరి, నెరసిన మీసాలవాడు, కాస్త వంగినవాడు. లోపలికి వచ్చినవాడేమో పొట్టిగా, గుండ్రంగా, తనకంటే చిన్నవయసులో ఉన్నాడు. మీసమే లేదు, కర్ర సంగతి సరేసరి. మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి, ఒకటి మాత్రం వేరే రంగు దారంతో కుట్టారు. బూట్లు మెరుస్తున్నాయి. ఒక బూటుకు తాడు తెగితే పురికొస కట్టుకున్నాడు. ఈయన కాదు, ఇంకెవరో వస్తారు అనుకుంది. అప్పుడాయన దగ్గాడు.

ఆ దగ్గు వినగానే ఆమెకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఆయనా ఆమెనే, తల కొద్దిగా పక్కకు వంచి, వింతగా చూస్తున్నాడు.

మాటలు మొదలయ్యాయి. పరిశీలనకు వచ్చిన పెద్దావిడ ఒక్కటే అడిగింది. "ఈ సేన వెళ్ళిపోతే, ఇక్కడ చిన్న గొడవేదైనా వస్తే ఎలా సర్దుకుంటారు?"

"గొడవలు చెయ్యకపోతే సర్దుకునే అవసరమే రాదు" అన్నాడు ఇవతలి కల్నల్, ఎదుటివైపు చూస్తూ. దుబాసీ దాన్ని సేన భాషలోకి మార్చింది. గొంతు దాన్ని తన కల్నల్ చెవిలో వేశాడు. అవతలి కల్నల్ పెదవి విరిచి ఏదో అన్నాడు, గొంతు మార్చాడు: "గురివింద తన నలుపెరగదు, అంటున్నారు."

సరిగ్గా అప్పుడు టక్, టక్, టక్.

దుబాసీ ఉలిక్కిపడి చూసింది. అవతలి కల్నల్ ఉంగరపు వేలు! చిరాకు పుట్టినప్పుడల్లా ఆయన బల్ల మీద ఉంగరంతో కొడుతున్నాడు. చేతికర్రా కాదు, వడ్రంగీ కాదు. అంతకాలం నాటి తగవు తీరిపోతే ఆ ముక్క చెవిన వేయడానికి పక్కన ఒక్క మనిషి లేడు. చెప్పుకోలేని ఆనందంతో ఆమె కల్నల్ అన్న ఒక వాక్యం వదిలేసింది. "ఏమ్మా, నిద్రా?" అని ఆయన కసిరితే సర్దుకుంది.

ఎంతసేపైనా మాటలు ముందుకు కదల్లేదు. ఇటునుంచి ఒక ఎత్తిపొడుపు, అటునుంచి ఒక దెప్పు. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

ఢామ్మని పేలింది.

రేకులు గలగలమన్నాయి. దూరమూ కాదు, దగ్గరా కాదు. ఎటునుంచో తెలియలేదు. ఇద్దరు కల్నళ్ళూ ఒక్కసారే లేచారు. తలుపుల దగ్గర రెండువైపుల జవాన్లూ తుపాకులు సవరించుకున్న చప్పుడు వినపడింది. కల్నళ్ళు ఎవరి వాకీటాకీలో వాళ్ళు అరుస్తున్నారు. "ఎవర్రా పేల్చింది?" అని ఇవతలి కల్నల్ అడిగాడు. "మనవాళ్ళు కాదు సార్! అవతలినుంచే!" అని జవాబొచ్చింది. అది దుబాసీ వింది. "అందరూ సిద్ధం కండి" అన్నాడాయన. ఎదురుగా అవతలి కల్నల్ కూడా వాళ్ళ భాషలో అలాంటిదే ఏదో అంటున్నాడు. మేజరు రెండు చేతులూ పైకెత్తి, "ఆగండి, మావాళ్ళు చూసి వస్తారు, ఆగండి" అంటున్నాడు. ఆయన భాష కల్నళ్ళిద్దరికీ రాదు. తర్జుమా చేయాల్సినవాళ్ళు బొమ్మల్లా నిలబడిపోయారు.

ముందు తేరుకున్నది దుబాసీయే. కానీ ఆమె మేజరు మాటను తర్జుమా చేయలేదు. బల్ల మీదికి వంగి, గొంతు ముఖంలోకి చూస్తూ, సేన భాషలో సూటిగా అడిగేసింది.

"అది మీవాళ్ళేనా?"

ఆయన కళ్ళార్పాడు. "కాదు. ఇప్పుడే విన్నాను, మావాళ్ళు కాదంటున్నారు. మీవాళ్ళా?"

"కాదు. నేనూ విన్నాను."

ఇద్దరూ తమ కల్నళ్ళవైపు తిరిగారు. "వాళ్ళు కాదట సార్" అంది ఆమె.

ఇవతలి కల్నల్ వాకీటాకీ నోటికి దూరంగా జరిపాడు. "నిన్నెవరు అడగమన్నారు?"

"ఎవరూ అడగమనలేదు సార్" అంది. "నాకే తెలుసుకోవాలనిపించింది."

అటువైపు గొంతుకీ అలాంటి అక్షింతలే పడుతున్నట్టున్నాయి. అయినా అవతలి కల్నల్ కూడా వాకీటాకీ దించాడు. మేజరు ఆ సందు చూసుకుని, జీపులో మనుషుల్ని పంపాడు. వాళ్ళు చూసి వచ్చేదాకా ఎవరూ కదలకూడదన్నాడు. ఈసారి దుబాసీలిద్దరూ బుద్ధిగా తర్జుమా చేశారు.

కల్నళ్ళు తలుపుల దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు. బల్ల దగ్గర దుబాసీలిద్దరే మిగిలారు. ఆయన గొంతు తగ్గించి, "మీరు లావుగా ఉంటారనుకున్నాను" అన్నాడు.

"నేనా? ఎందుకూ?"

"ఫోన్లో ఎప్పుడూ నవ్వరు కదా. మా ఆవిడ మిమ్మల్ని హెడ్మాస్టరమ్మ అంటుంది. రోజూ ఇంటికెళ్ళగానే అదే ప్రశ్న, 'ఏమంది మీ హెడ్మాస్టరమ్మ?' అని."

ఆమె పమిట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే మీకు పెళ్ళయిందన్నమాట. మరి ఆ దగ్గు తగ్గదేం?"

"కషాయం చేస్తుందండి. నేనే కిటికీలోంచి పారబోస్తాను" అన్నాడాయన, తప్పుచేసిన పిల్లాడిలా.

అంతలో జీపు తిరిగొచ్చింది. దిగిన సేన అధికారి ముఖం కందగడ్డలా ఎర్రగా ఉంది. మేజరు చెవిలో ఏదో చెప్పాడు. మేజరు నేల చూపులు చూస్తూ, చెప్పక తప్పక చెప్పాడు. పేలింది శాంతిసేన వాళ్ళ నీళ్ళ ట్యాంకరు టైరే. పరిశీలకురాలి బసకు నీళ్ళు తెస్తుంటే ఎండకు పేలిందట.

దుబాసీ దాన్ని తన భాషలో చెప్పింది. గొంతు తన భాషలో చెప్పాడు. అవతలి కల్నల్ ముందుగా పకపకా నవ్వాడు, ఇవతలి కల్నల్ ఆపుకోలేకపోయాడు. "మమ్మల్ని కాపాడ్డానికి వచ్చినవాళ్ళే మా కొంప ముంచబోయారు!" అన్నాడాయన. అవతలాయన అది విని, బల్ల చరిచి, నిజం నిజం అన్నాడు. అన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదరడం అదే మొదటిసారి. మేజరు తలపట్టుకున్నాడు. గడువు సంగతి ఇక మట్టిలో కలిసినట్టేనని దుబాసీకి అనిపించింది.

వెళ్ళేముందు పెద్దావిడ ఆమెను పక్కకు పిలిచింది. తిడుతుందనుకుంది.

"ఇన్నేళ్ళూ ఫోన్లో మాట్లాడుతున్నారు కదా, అతన్ని చూస్తే ఏమనిపించింది?"

దుబాసీ కాస్త ఆలోచించింది. "పొట్టిగా ఉన్నాడండి."

పెద్దావిడ నవ్వింది. "నేను వెళ్ళి ఏం రాయాలో నాకింకా తెలియడం లేదు. టైరు పేలితే తుపాకులెత్తే చోట సేన ఉండాలంటారా, ఆ టైరే సేనదైతే వద్దంటారా? మీరేమంటారు?"

"నన్నడుగుతున్నారా?" అంది దుబాసీ. ఆఫీసులో ఆమె అభిప్రాయం ఎవరూ అడిగి ఎరగరు. "నాకు అంత పెద్ద సంగతులు తెలియవండి. ఢామ్మనగానే ఎవరో ఒకరు వెళ్ళి, అదేమిటో చూసి రావాలి కదా. ఇటువాళ్ళు వెళ్తే అటువాళ్ళు కాలుస్తారు. అటువాళ్ళు వస్తే ఇటువాళ్ళు కాలుస్తారు."

పెద్దావిడ కళ్ళజోడు కోసం సంచీ అంతా తడిమింది. అది నెత్తిమీద ఉందని దుబాసీయే చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఎవరూ చూసుకోలేదు.

"ఉంగరమా!" అంది అత్తగారు, నమ్మలేనట్టు. "అయితే వాడి కాళ్ళు బాగానే ఉన్నాయా? పెళ్ళాం కూడా ఉందా? కషాయం పారబోస్తాడా! అదెంత కష్టపడి కాస్తుందో, పాపం..." అంటూ ఆగిపోయింది. తాను జాలిపడింది ఎవరి మీదో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "సరే సరే, వాళ్ళ గొడవ మనకెందుకు" అని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళినంత వేగంగానూ వెనక్కి వచ్చి, "కషాయంలో ఏమేస్తుందో అడిగావా?" అంది.

అడిగే అవకాశం మళ్ళీ రాలేదు. ఇవతలి కల్నల్ నవ్వింది నవ్వేశాడు గానీ, మర్నాడు ఫిర్యాదు రాసి పంపాడు. తన అనుమతి లేకుండా దుబాసీ శత్రుపక్షంతో మాట్లాడిందని. మేజరు ఆమెను పిలిచి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చాడు.

"మీరు అడగకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు" అన్నాడు. "కానీ నియమం నియమమే. ఇక ఫోను దగ్గర మిమ్మల్ని ఉంచలేను."

ఆమె తలూపింది. ఇంటికి వచ్చేదాకా ఏడవలేదు. వచ్చాక, ఏడుస్తున్నది ఉద్యోగం కోసమా, ఆ టక్ టక్ చప్పుడు కోసమా అని భర్త అడిగితే, "రెండింటి కోసమూ" అంది. ఆయన ఇంకేమీ అడక్కుండా పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆ పూట తనే టీ పెట్టాడు. అందులో పంచదార వేయడం మర్చిపోయాడు. ముగ్గురూ అలాగే తాగారు.

మండలి నిర్ణయం రేడియోలో చెబుతారన్న రోజున బ్యాటరీల కొట్టు ముందు జనం పోగయ్యారు. కొట్టులో రేడియోలకు కొదవలేదు గనక అన్నీ ఒకేసారి పెట్టారు. గడువు పొడిగించారు. అయితే ఏడాదికి కాదు, ఆరు నెలలకే. పెద్దమంత్రి కూడా సణుగుతూనే సరేనన్నాడు. సేనలో కొందరిని తగ్గిస్తారట. "ఆరు నెలలా? ఆరు నెలల్లో నా గడ్డం కూడా సరిగ్గా పెరగదు" అన్నాడు మంగలి. కూరగాయలావిడ మాత్రం గట్టిగా ఊపిరి వదిలి, "పోన్లే, ఈ పంటయినా చేతికొస్తుంది" అంది. వాళ్ళు వెళ్ళిపోవాలని ఎక్కువ గోల చేసింది ఆవిడే.

దుబాసీని ఉద్యోగంలోంచి తీసేయలేదు. మనుషులు తగ్గడంతో, గీత పక్క పల్లెల్లో తిరిగే గస్తీ జట్టుకు భాష తెలిసిన మనిషి కావలసి వచ్చింది. ఫోను దగ్గర వేరే ఆవిణ్ణి కూర్చోబెట్టి ఈమెను అక్కడికి పంపారు. బయల్దేరేముందు జట్టు నాయకుడు, దూరదేశపు యువకుడు, నసుగుతూ చెప్పాడు.

"నాకు ఇక్కడి మనుషుల సంగతి తెలియదు. ఏం అడగాలో కూడా తెలియదు. మీకు తోచింది మీరే అడిగేయండి. తర్వాత నాకు చెబుదురు గాని."

ఆమె ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. సరిగ్గానే విన్నానని రూఢి చేసుకున్నాక జీపెక్కింది.

మొదటి పల్లెలో, గీతకు కూతవేటు దూరంలో, ఒక ఇంటి వెనక తాజాగా తవ్విపోసిన ఎర్రమట్టి కుప్ప కనిపించింది. ఇంటావిడ దండెం మీద దుప్పట్లు ఆరేస్తోంది. జట్టు నాయకుడు మట్టివైపు అనుమానంగా చూశాడు. కందకమేమోనని అతని భయం. దుబాసీ చెప్పులు దులుపుకుని, అరుగు మీద చతికిలబడింది.

"ఏం వదినా, ఈ మట్టేమిటి?"

"బావి తవ్విస్తున్నాం."

"ఉన్న బావికేమైంది?"

"ఎండిపోయింది. అయినా నీకెందుకమ్మా?"

"తెలుసుకుందామని."

ఇంటావిడ తడి దుప్పటి భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది. జీపునూ, నీలిటోపీలు పెట్టుకున్న సేన జవాన్లనూ, ఈమెనూ మార్చి మార్చి చూసింది. "ఆరు నెలల తర్వాత మీరంతా వెళ్ళిపోతారటగా? అప్పుడు మళ్ళీ గుళ్ళు పడితే ఈ బావి ఉంటుందా, ఊడుతుందా? తవ్వించమంటావా, మానేయమంటావా?"

దుబాసీ తెలియదనే చెప్పింది. ఆవిడ నిట్టూర్చి, దుప్పటి ఒక కొస ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని నీళ్ళు పిండారు.

"ఇంతకీ ఎంత లోతు వెళ్ళారు?" అంది దుబాసీ. "తడి తగిలిందా?"